ఇమామ్ షామిల్: కొండలు పోయాయి, కొడుకూ పోయాడు

ఒక పెద్ద రాజ్యం తన సరిహద్దును ముందుకు జరుపుకుంటూ పోతే, ఆ దారిలో ఉన్న జనం గతి ఏమవుతుంది? ఇమామ్ షామిల్ జీవితం చూస్తే అర్థమవుతుంది.

1801లో రష్యా జార్జియాను తనలో కలుపుకుంది. కానీ రెండింటి మధ్య కాకసస్ పర్వతాలు అడ్డంగా ఉన్నాయి. అక్కడ అవార్లు, చెచెన్లు, ఇంకా ఎన్నో తెగలవాళ్ళు ఉండేవారు. ఎక్కువమంది ముస్లింలే. జార్జియా చేజారకుండా ఉండాలంటే దారి భద్రంగా ఉండాలి, అందుకు కొండలు లొంగాలి అన్నది జార్ ప్రభుత్వం లెక్క. 1816లో వచ్చిన జనరల్ యెర్మోలోవ్ వరసగా కోటలు కట్టించాడు. 1818 నాటి గ్రోజ్నీ కోట వాటిలో ఒకటి. ఎదురు తిరిగిన ఊళ్ళను తగలబెట్టారు.

షామిల్ 1797లో దాగిస్తాన్‌లోని గిమ్రీ గ్రామంలో పుట్టారు. మొదట పెట్టిన పేరు అలీ. తరచూ జబ్బు పడుతున్నాడని అక్కడి ఆచారం ప్రకారం పేరు మార్చారు. అరబీ, దీనీ చదువులు బాగా చదివారు. 1832లో రష్యా సేన గిమ్రీ మీద పడినప్పుడు మొదటి ఇమామ్ గాజీ ముహమ్మద్ షహీద్ అయ్యారు. షామిల్ ఛాతీలో బాయ్‌నెట్ దిగినా తప్పించుకుని బతికారు. 1834లో మూడో ఇమామ్ అయ్యారు. ఎవరి ఊరు వాళ్ళదే అన్నట్టున్న తెగలను ఒక్కటి చేసి, నాయిబులను నియమించి, షరీఅత్ మీద పాలన నడిపారు.

1839లో అఖుల్గో కొండకోటను రష్యన్లు రెండు నెలలకు పైగా ముట్టడించారు. మాటలు జరపాలంటే కొడుకును అప్పగించాలన్నారు. పదేళ్ళ జమాలుద్దీన్‌ను షామిల్ పంపించారు. మాటలు కుదరలేదు, పిల్లవాడు తిరిగి రాలేదు. కోట పడిపోయింది. షామిల్ భార్యల్లో ఒకరు, పసిబిడ్డ, సోదరి అక్కడే చనిపోయారు. ఆయన మాత్రం రాత్రివేళ బయటపడి మళ్ళీ బలం కూడగట్టారు. 1845లో దార్గో దగ్గర వొరొంత్సోవ్ సేనకు తీవ్ర నష్టం కలిగించారు.

జమాలుద్దీన్ పీటర్స్‌బర్గ్‌లో పెరిగి రష్యా సైన్యంలో అధికారి అయ్యాడు. 1854లో షామిల్ మనుషులు జార్జియాపై దాడి చేసి, ఇద్దరు రాకుమార్తెలను పిల్లలతో సహా ఎత్తుకొచ్చారు. ఏ పాపం తెలియని ఆడవాళ్ళు, పసిపిల్లలు నెలల తరబడి బందీలుగా ఉన్నారు. 1855లో వాళ్ళను వదిలిపెట్టి, కొడుకునూ 40,000 వెండి రూబుళ్ళనూ తీసుకున్నారు. కానీ పదహారేళ్ళ తర్వాత వచ్చిన కొడుక్కి కొండల బతుకు పరాయిదైపోయింది. 1858లో జబ్బుతో కన్నుమూశాడు.

ఈలోగా రష్యా పద్ధతి మార్చింది. చెచ్నియా అడవులను నరికి దారులు వేసింది. చెట్టు పోయేసరికి కొండవాళ్ళకు చాటు పోయింది. క్రిమియా యుద్ధం 1856లో ముగియగానే పెద్ద సైన్యం ఇటు తిరిగింది. 1859లో గునీబ్ కొండ మీద షామిల్ వెంట మిగిలింది సుమారు 400 మంది. ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ఆయన జనరల్ బర్యాతిన్‌స్కీకి లొంగిపోయారు.

జార్ ఆయన్ను గౌరవంగానే చూశాడు. కలూగా పట్టణంలో ఇల్లు, పింఛను ఇచ్చాడు. 1866లో షామిల్ జార్‌కు విధేయత ప్రమాణం చేశారు. తర్వాత హజ్‌కు అనుమతి దొరికింది. 1871లో మదీనాలో ఇంతెఖాల్ అయ్యారు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

ఆ తర్వాత కుటుంబం కూడా రెండుగా చీలింది. ఒక కొడుకు ముహమ్మద్ షఫీ రష్యా సైన్యంలో జనరల్ అయ్యాడు. మరో కొడుకు గాజీ ముహమ్మద్ 1877 యుద్ధంలో ఉస్మానియా తరఫున అదే రష్యాతో పోరాడాడు. షామిల్ పాతికేళ్ళు కాపాడిన దాగిస్తాన్, చెచ్నియా నేటికీ రష్యాలోనే ఉన్నాయి.