యంత్రమే గురువు – జి.డి. నాయుడు

విద్య గ్రంథ పఠనం వల్ల లభించేది కొంత, చేతి పని వల్ల లభించేది కొంత. రెండవ మార్గంలో పయనించి దేశం గర్వించదగిన యంత్ర నిపుణుడిగా కీర్తి గడించినవారు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి.డి. నాయుడుగా ఆయన లోకప్రసిద్ధులు.

పూర్వం తమిళదేశానికి తరలివెళ్ళి స్థిరపడిన తెలుగువారి సంతతికి చెందిన నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తండ్రి వ్యవసాయదారుడు. పసితనంలోనే తల్లి మరణించింది. బడి చదువుపై మనసు నిలువక ఆయన ప్రాథమిక దశలోనే దానికి స్వస్తి చెప్పారు.

యౌవనంలో ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలు ఆయన కంటబడింది. గుర్రం గానీ ఎద్దు గానీ లాగకుండా బండి పరుగెత్తడం ఆయనను ఆశ్చర్యచకితుణ్ణి చేసింది. దానిని కొనాలనే సంకల్పంతో కోయంబత్తూరులోని ఒక హోటలులో సర్వరుగా చేరి, శ్రమించి సొమ్ము కూడబెట్టారు. కోరిన వాహనం చేతికి రాగానే దాని భాగాలన్నీ విడదీసి, తిరిగి యథాస్థానాల్లో బిగించారు. ఆ అభ్యాసమే ఆయనకు పాఠశాల అయింది. మెకానిక్కుగా ఆయన జీవనయాత్ర ఆరంభమైంది.

మరమ్మతుకు చేతి నేర్పుతోపాటు కార్యకారణ విచారణ అవసరం. పాతకాలపు మోటారు సైకిలులో పెట్రోలు ట్యాంకు ఇంజనుకు పైన ఉంటుంది కనుక ఇంధనం తనంతట తానే కిందికి దిగుతుంది. ట్యాంకు దిగువన ఉండే కార్లలో దానిని తోడడానికి పంపు కావాలి. కొన్ని పాతకాలపు కార్లలో ఆ పంపు విద్యుత్తుతో పనిచేస్తుంది. విద్యుదయస్కాంతం డయాఫ్రం అనే పల్చని పొరను లాగుతూ వదులుతూ ఉండగా పెట్రోలు కార్బ్యురేటరుకు చేరుతుంది. అటువంటి కారు దారిలో ఆగిపోతే తెలియనివాడు వెంటనే పంపును మార్చమంటాడు. తెలిసినవాడు ట్యాంకులో పెట్రోలు ఉన్నదా, పంపుకు కరెంటు అందుతున్నదా, పాయింట్లు మాడిపోయాయా, గొట్టంలో మురికి అడ్డుపడిందా అని వరుసగా పరీక్షిస్తాడు. సందేహాలు ఒక్కొక్కటే తొలగిపోగా అసలు దోషం బయటపడుతుంది. యంత్రాన్ని విప్పి చూచినవారికే ఈ క్రమం అలవడుతుంది. నాయుడుకు అలవడిన విద్య ఇదే.

1920లో స్టేన్స్ దొర సహాయంతో ఒక బస్సు సంపాదించి పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడిపారు. అదే యు.ఎం.ఎస్. అనే పేరుగాంచిన రవాణా సంస్థగా ఎదిగింది. అయితే విదేశీ యంత్రాలను బాగుచేయడంతోనే ఆయన తృప్తి చెందలేదు. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశీయంగా విద్యుత్ మోటారును రూపొందించారు. కిరోసిన్‌తో నడిచే పంకా, బ్యాటరీతో పనిచేసే క్షౌర యంత్రం, ఓట్లను నమోదుచేసే యంత్రం ఆయన ప్రతిభకు నిదర్శనాలు. సామాన్యునికి అందుబాటులో ఉండాలని 1952లో రెండు వేల రూపాయల ధరకు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రూపొందించారు. ప్రభుత్వం లైసెన్సు నిరాకరించడంతో ఆ కారు వీధుల్లోకి రాలేదు.

విద్యావిధానంలోని లోపాన్ని కూడా ఆయన వెదికారు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయం ఏర్పడడానికి కారకులై, దానికి ప్రిన్సిపాల్‌గా వ్యవహరించారు. నాలుగేళ్ళ ఇంజనీరింగు విద్యను చేతి పని ప్రధానంగా రెండేళ్ళలో ముగించవచ్చునని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవిని వదులుకున్నారు.

1974 జనవరి 4న నాయుడు కీర్తిశేషులయ్యారు. కోయంబత్తూరులో ఆయన పేర వెలసిన ప్రదర్శనశాల ఆయన కృషిని తెలుపుతోంది.

చెన్నేకొత్తపల్లికి చేరువలో, పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. ఒకనాడు తన కారుకు అనుమతి పొందలేకపోయిన నాయుడు కల ఎంత విలువైనదో ఆ ప్రాంత విద్యార్థులు సులభంగా గ్రహించగలరు. యంత్రాన్ని వాడుకోవడంతో ఆగక, దాని లోపలి గుట్టు తెలుసుకోవాలనే జిజ్ఞాసయే ఆయన జీవితం యువతరానికి అందించే సందేశం.