రెండు హిజ్రత్‌ల మహిళ హజ్రత్ అస్మా (రజి)

హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి)ను మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) సతీమణిగా, ఆయన మరణానంతరం హజ్రత్ అలీ (రజి) సతీమణిగా చాలామంది ఎరుగుదురు. (హజ్రత్ అబూబక్ర్ కుమార్తె అస్మా వేరు, ఈమె వేరు.) అయితే అంతకు ముందే ఆమె జీవితంలో ఒక సుదీర్ఘ ఘట్టం గడిచింది. కొత్త పెళ్ళికూతురుగా సముద్రం దాటి పరాయి దేశం వెళ్ళి, ముగ్గురు బిడ్డల తల్లిగా తిరిగి వచ్చిన ఘట్టం అది.

అస్మా ఖస్అమ్ తెగకు చెందినవారు. ఇస్లాం తొలి రోజుల్లోనే విశ్వసించారు. ఆమె మొదటి భర్త హజ్రత్ జాఫర్ (రజి) అబూతాలిబ్ కుమారుడు, హజ్రత్ అలీకి అన్న, దైవప్రవక్త (స)కు పెదతండ్రి కొడుకు. మక్కాలో ఖురైషుల దౌర్జన్యం భరించరానిదైనప్పుడు, క్రీ.శ. 615 ప్రాంతంలో, దైవప్రవక్త (స) సలహాపై ముస్లింలు కొందరు ఎర్ర సముద్రం దాటి అబిసీనియాకు తరలిపోయారు. ఆ దంపతులూ వారిలో ఉన్నారు. ఖురైషులు వెంటనే దూతలను పంపి వారిని వెనక్కి పట్టి తేవాలని చూశారు. నజ్జాషీ చక్రవర్తి కొలువులో జాఫర్ మర్యమ్ సూరా ఆయతులు వినిపించడం, చక్రవర్తి కంటతడి పెట్టి, వచ్చినవారికి అభయమివ్వడం అందరికీ తెలిసిన వృత్తాంతమే.

ఆ వృత్తాంతం చెప్పి మనం సాధారణంగా అక్కడితో ఆగిపోతాం. కాని అభయం దొరికిన తర్వాత బతుకు గడవాలి కదా! అస్మాకు అక్కడే అబ్దుల్లాహ్, ముహమ్మద్, ఔన్ అనే ముగ్గురు మగపిల్లలు పుట్టారు. పిల్లలు ఎరిగిన నేల అబిసీనియాయే. ఇక్కడ క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనాకు హిజ్రత్ చేశారు. 624లో బద్ర్, 625లో ఉహుద్, 627లో కందక యుద్ధం జరిగాయి. ముస్లిం సమాజం ఆకలికీ, యుద్ధాలకీ ఎదురొడ్డి రూపుదిద్దుకుంటున్న ఆ ఏళ్ళన్నీ వారు సముద్రానికి ఆవలి ఒడ్డునే ఉన్నారు. తాము వదిలివచ్చిన మక్కా ఇంకా శత్రువుల చేతుల్లోనే ఉంది. తమవారనేవాళ్ళు ఇప్పుడు మదీనాలో ఉన్నారు. అంటే ఇంటికి వెళ్ళడమంటే తాము ఎన్నడూ కాపురం చేయని ఊరికి వెళ్ళడమే!

క్రీ.శ. 628లో (హిజ్రీ 7) ఆ ఘడియ వచ్చింది. దైవప్రవక్త (స) కబురు అందుకున్న నజ్జాషీ రెండు ఓడలు సిద్ధం చేయించాడు. యమన్ నుంచి మదీనాకు బయలుదేరి, గాలికి కొట్టుకొనిపోయి అబిసీనియా తీరం చేరిన హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి), ఆయన వెంట ఉన్నవారు కూడా జాఫర్‌తోపాటే ప్రయాణమయ్యారు. వీరు వచ్చేసరికి దైవప్రవక్త (స) ఖైబర్‌లో ఉన్నారు. కోట అప్పుడే వశమైంది. ఆయన జాఫర్‌ను అక్కున చేర్చుకొని నుదుట ముద్దుపెట్టుకున్నారు. ఖైబర్ విజయానికి ఎక్కువ సంతోషించాలో, జాఫర్ రాకకు ఎక్కువ సంతోషించాలో తెలియడం లేదన్నారు. యుద్ధంలో లేకపోయినా ఓడలో వచ్చినవారికి ఖైబర్ సంపదలో వాటా ఇచ్చారు.

అందరి పలకరింపూ అలా లేదు. ఒకరోజు అస్మా, దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (రజి)ను చూడడానికి వెళ్ళారు. అంతలో హఫ్సా తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) వచ్చి, ఈమె ఎవరని అడిగారు. పేరు చెప్పగానే, ఆ అబిసీనియా ఆవిడా, ఆ సముద్రం ఆవిడా అన్నారు. హిజ్రత్‌లో మేము మీకంటే ముందున్నాం కనుక దైవప్రవక్త (స)పై మీకంటే మాకే ఎక్కువ హక్కు ఉందని కూడా అన్నారు. మదీనాకు ముందు చేరింది వారేనన్నది నిజమే. కాని ఏళ్ళ తరబడి గల్ఫ్‌లో గడిపి సంసారంతో ఊళ్ళో దిగినవారికి ఇలాంటి మాట ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అస్మాకు కోపం వచ్చింది. ఎదురుగా ఉన్నది ఉమర్ అని ఆమె వెనుకాడలేదు. మీరు దైవప్రవక్త (స) చెంతనే ఉన్నారు, మీలో ఆకలిగొన్నవారికి ఆయన అన్నం పెట్టారు, తెలియనివారికి బోధించారు, మేమో అయినవారెవరూ లేని దూర దేశంలో అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం భయాలూ బాధలూ పడ్డామని నిలదీశారు. ఈ సంగతి దైవప్రవక్త (స)కు చెప్పేదాకా తిండి తినను, నీళ్ళు తాగనని ప్రమాణం చేశారు. జరిగింది జరిగినట్టే చెబుతాను, ఒక్క మాట కలపను అని కూడా అన్నారు. ఆయన రాగానే అలాగే చెప్పారు. దైవప్రవక్త (స) తీర్పు స్పష్టంగా వచ్చింది: ఉమర్‌కు, ఆయన సహచరులకు ఒక్క హిజ్రత్, ఓడవారికి రెండు.

ఈ మాట వినడానికి అబూమూసా, తక్కిన ఓడవారు గుంపులు గుంపులుగా అస్మా దగ్గరికి వచ్చేవారట. అబూమూసా అయితే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారు. వారి మనసులను ఇన్నాళ్ళూ ఏమి తొలిచిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మదీనాలో వారి ఇల్లు సంపన్నమైనదేమీ కాదు. అయినా పేదలను వెంటబెట్టుకొచ్చి ఉన్నది పెట్టడం వల్ల జాఫర్‌కు పేదల తండ్రి అనే పేరు వచ్చింది. పెట్టడానికి ఏమీ లేనప్పుడు ఖాళీ నేతి తిత్తిని చీల్చి ఇస్తే, దాని లోపల అంటుకున్నది తిన్నామని హజ్రత్ అబూహురైరా (రజి) చెప్పారు. అమరుడైన హజ్రత్ హమ్‌జా (రజి) కూతురి పెంపకం కూడా ఆ ఇంటికే దక్కింది. ఆ పాప తల్లి అస్మాకు తోబుట్టువు.

తిరిగివచ్చి ఏడాది దాటిందో లేదో, 629లో ముఅతా యుద్ధంలో జాఫర్ అమరులయ్యారు. ఆ ఉదయం అస్మా తోళ్ళు పదును చేసి, పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి తలకు నూనె రాశారు. దైవప్రవక్త (స) వచ్చి పిల్లలను పిలిపించి దగ్గరకు తీసుకున్నారు. ఆయన కళ్ళ నీళ్ళు చూసి ఆమెకు అర్థమైంది. జాఫర్ ఇంటివారికి అన్నం వండి పంపమని ఆయన తమవారికి చెప్పారు. మరణం సంభవించిన ఇంటికి ఇరుగుపొరుగు అన్నం పంపే మన ఆనవాయితీకి ఆధారం ఇదే. పిల్లలు తండ్రి లేనివారయ్యారని ఆమె బాధపడితే, వారికి సంరక్షకుణ్ణి నేనున్నానని ధైర్యం చెప్పారు.

తర్వాత ఆమె హజ్రత్ అబూబక్ర్‌ను వివాహమాడారు. 632లో హజ్ దారిలో జుల్ హులైఫా వద్ద ముహమ్మద్ పుట్టాడు. అబిసీనియాలో చూసినవి ఆమె మరచిపోలేదు. హజ్రత్ ఫాతిమా (రజి) తన మృతదేహపు ఆకారం పరులకు కనపడుతుందేమోనని మథనపడితే, ఖర్జూరపు మట్టలు వంచి పైన గుడ్డ కప్పి, అక్కడివారు జనాజా ఎలా కడతారో చూపించింది అస్మాయేనని చరిత్రకారులు రాశారు. ఖలీఫా అయ్యాక హజ్రత్ ఉమర్ తొలి ముహాజిర్ మహిళలకు వెయ్యి దిర్హముల చొప్పున భృతి కేటాయించారు. ఆ జాబితాలో అస్మా పేరు ఉంది.

ఓడ దిగి వచ్చిన పిల్లల్లో అబ్దుల్లాహ్ పెద్దవాడై, హజ్రత్ అలీ కుమార్తె జైనబ్ (రజి)ను వివాహమాడారు. దానగుణంలో తండ్రిని మించినవాడనిపించుకున్నారు. హిజ్రీ 80లో మదీనాలోనే కన్నుమూశారు.