రాబర్ట్ బున్సెన్

రాబర్ట్ విల్‌హెల్మ్ బున్సెన్ (1811 - 1899) సుప్రసిద్ధ జర్మన్ రసాయన శాస్త్రవేత్త. ప్రయోగశాలల్లోని బర్నర్ వలన ఇతని పేరు విద్యార్థులకు చిరపరిచితం. అయితే ఇతని ప్రతిభకు అసలు నిదర్శనాలు రెండు: వర్ణపట విశ్లేషణ, వేడికి కరిగి ద్రవమైన లవణాల నుండి లోహాలను రాబట్టడం.

జీవితం

బున్సెన్ గట్టింగెన్ నగరంలో జన్మించాడు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడు, ఆచార్యుడు. 1831లో డాక్టరేటు పొంది, కాసెల్, మార్‌బుర్గ్, బ్రెస్లౌలలో బోధించి, 1852లో హైడెల్‌బర్గ్ చేరాడు. ఆర్సెనిక్ కలిగిన కాకోడైల్ సమ్మేళనాలపై పరిశోధిస్తుండగా సంభవించిన ప్రేలుడులో కుడికంటి చూపు కోల్పోయాడు. విషప్రభావంతో మృత్యుముఖం దాకా వెళ్ళాడు. తరువాత వర్ణపట రేఖలను పరిశీలించినది మిగిలిన ఒక్క కంటితోనే. వివాహం చేసుకొనలేదు. 1889లో పదవీ విరమణ చేసి, 1899 ఆగష్టు 16న హైడెల్‌బర్గ్‌లోనే మరణించాడు.

కరిగిన లవణాలు

1852లో కరిగిన మెగ్నీషియం క్లోరైడును విద్యుద్విశ్లేషణ చేసి మెగ్నీషియం తీశాడు. ఈ లోహం లవణం కంటే తేలిక. పైకి తేలి గాలి తగిలితే మండిపోతుంది. అందుచేత కర్బన ఋణధ్రువానికి గాట్లు పెట్టి, లోహబిందువులు వాటిలోనే చిక్కుకొనేటట్లు చేశాడు. ఉపాయం చిన్నదే, కానీ పని జరిగింది దానివల్లనే. 1855లో మాథీసన్‌తో కలిసి ఇదే మార్గంలో లిథియం తీశాడు.

వర్ణపట విశ్లేషణ

జ్వాలల రంగులను బున్సెన్ మొదట రంగుటద్దాల గుండా చూసి పోల్చేవాడు. పట్టకం వాడమని సూచించినది సహచరుడు కిర్కాఫ్. కావున ఈ ఘనతలో ఇద్దరికీ సమాన భాగం ఉంది. 1860లో డ్యూర్క్‌హైమ్ ఖనిజజలంలో రెండు నీలిరేఖల ద్వారా సీసియంను గుర్తించారు. సుమారు 44 టన్నుల నీటి నుండి లభించిన సీసియం క్లోరైడు కొద్ది గ్రాములే. 1861లో రుబీడియం బయటపడింది.

కరిగిన సీసియం క్లోరైడు నుండి మాత్రం లోహం రాలేదు, నీలిరంగు పదార్థం వచ్చింది. దానిని కొత్త క్లోరైడుగా భావించారు. బహుశా అది తన లవణంలోనే కలిసిపోయిన సీసియం లోహమని నేటి అభిప్రాయం. సీసియం లోహాన్ని 1882లో సెట్టర్‌బెర్గ్ వేరుచేశాడు.

తదనంతర పరిశోధన

కరిగిన లవణాలలో లోహాలు కరగడం తరువాతి కాలంలో ఇంజనీర్లకు పెద్ద సమస్య అయింది. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో 1965 - 1969 మధ్య నడిచిన అణు రియాక్టరులో ఇంధనం కరిగిన ఫ్లోరైడు లవణం. పాత్ర నికెల్ మిశ్రమలోహం. గాలిలో మిశ్రమలోహాన్ని కాపాడే ఆక్సైడు పొర ఇటువంటి లవణంలో నిలువదు. ముందుగా క్రోమియం లవణంలోకి పోతుంది. ఇలా కరిగిన క్రోమియం అయానులు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల కాంతిని శోషిస్తాయి. అందువలన ద్రవాన్ని చల్లార్చకుండానే, దాని గుండా కాంతిని పంపి లోహం ఎంత క్షయమైనదీ అంచనా వేయవచ్చు.