కొలత నేర్పిన మీనాక్షి అమ్మాళ్

పొయ్యి దగ్గర ఎన్నడూ నిలబడని వారు సైతం చదివి రుచిగా వండగలిగితేనే వంటల పుస్తకం నెగ్గినట్లు. ఆ పరీక్షలో ఏడు దశాబ్దాలకు పైగా నిలిచిన తమిళ గ్రంథం ‘సమైత్తు పార్’. ‘వండి చూడు’ అని ఆ పేరుకు అర్థం.

రచయిత్రి ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1905లో జన్మించారు. చిన్న వయసులోనే భర్తను కోల్పోయారు. కుమారుడు, అత్తగారు, మరిది బాధ్యత ఆమెపైనే పడింది. ఆమె వంట రుచి ఎరిగిన బంధుమిత్రులు తయారీ విధానాలు తరచూ అడిగేవారు. వాటన్నిటినీ పుస్తకంగా కూర్చమని కుటుంబ పెద్ద కె.వి. కృష్ణస్వామి అయ్యర్ ప్రోత్సహించారు. తొలి సంపుటం 1951లో వెలువడింది. మొత్తం మూడు సంపుటాలయ్యాయి.

తల్లిని చూసి కూతురు నేర్చుకునే ఇంట ‘తగినంత’ అన్న మాట సరిపోతుంది. పుట్టింటికి దూరంగా కొత్త కాపురం పెట్టిన అమ్మాయికి అది చాలదు. అందుకే మీనాక్షి అమ్మాళ్ పప్పు, చింతపండు, ఉప్పు ఎంతెంతో, దేని తరువాత ఏది వేయాలో విడమరిచి రాశారు. సాంబారు, రసం మొదలు ఊరగాయలు, పండుగ పిండివంటల వరకు అదే పద్ధతి.

1962లో ఆమె కన్నుమూశారు. ఆంగ్లంలోకీ వెళ్లిన ఆ పుస్తకం కాపురానికి వెళ్లే వధువుల సామానులో చోటు సంపాదించుకుంది. వంటల పుస్తకానికి అంతకన్న పెద్ద యోగ్యతాపత్రం లేదు.