ఐదు కనుమలు, ఒక దోమ

ఫౌస్తో కోప్పి కథను పుట్టుకతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. కూనెయోతో మొదలుపెడతాను. ఇటలీ వాయవ్య మూలన, ఆల్ప్స్ కొండల పాదాల దగ్గర ఉన్న ఊరది. 1949 జూన్ 10న జీరో దిటాలియా, అంటే ఇటలీని మూడు వారాల పాటు చుట్టే సైకిల్ రేసు, పదిహేడో స్టేజి అక్కడ మొదలై పినెరోలోలో ముగిసింది. మ్యాపులో ఈ రెండు ఊళ్లూ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. మైదానం రోడ్డున పోతే ఒక పూట పని. రేసు పెట్టినవాళ్లు మాత్రం సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి పోయి, ఐదు కనుమలు ఎక్కి దిగి వెనక్కి వచ్చేలా 254 కిలోమీటర్ల దారి గీశారు.

ఆ దారి మీద నేను వేలు పెట్టి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. కూనెయో నుంచి స్తూరా నది లోయ పట్టుకుని పైకి పోతే మద్దలేనా కనుమ, దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. అది దాటితే ఫ్రాన్సు, కిందికి దిగితే ఉబాయ్ నది లోయ. అక్కడ కాస్త ఊపిరి పీల్చుకునేలోపే వార్స్ కనుమ, 2,100 పైచిలుకు. మళ్లీ దిగుడు, తర్వాత గీల్ నది కొండల్ని కోసుకుంటూ పోయే ఇరుకు లోయ, ఆ పైన ఇజొవార్. 2,360 మీటర్లు. శిఖరానికి కొంచెం ముందు చెట్టూ చేమా ఉండవు, గోధుమరంగు రాళ్ల గుట్టలు మాత్రం నిలబడి ఉంటాయి. అక్కడినుంచి బ్రియాన్సోన్ ఊరికి దిగి మోంజెనెవ్ర్ ఎక్కాలి. ఆ కనుమ దగ్గర రెండు నదులు పుడతాయి. ద్యూరాన్స్ ఇటు దిగి రోన్ నదిలో కలిసి మధ్యధరా సముద్రానికి పోతుంది, దోరా అటు దిగి పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. ఒకే కొండ మీద కురిసిన వాన రెండు సముద్రాల పాలు. ఇంకా సెస్త్రియేరె మిగిలే ఉంది, 2,035 మీటర్లు. అది కూడా దాటితే కీజోనే లోయ వెంట పినెరోలో దాకా దిగుడే.

చాలాచోట్ల తారు కూడా లేని ఘాట్ రోడ్లు అవి. వాన, బురద. మొదటి కనుమ మీదే వోల్పి అనే ఆటగాడు ముందుకు దూకితే కోప్పి వెంటపడ్డాడు, కాసేపటికి అతన్నీ వదిలేశాడు. ఇంకా 192 కిలోమీటర్లు ఉంది. అంతా ఒంటరిగానే తొక్కాడు. మొత్తం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. రెండో స్థానంలో వచ్చిన జీనో బార్తలి దాదాపు 12 నిమిషాలు వెనకబడ్డాడు, మూడోవాడు 19 నిమిషాలు. నూరు మీటర్ల పరుగు చూసే అలవాటున్న మనకు ఈ తేడా అర్థం కావడానికి కొంచెం టైం పడుతుంది. గెలిచినవాడు ఒళ్లు తుడుచుకుని, బట్టలు మార్చుకుని, కాఫీ తాగుతుండగా రెండోవాడు వచ్చాడన్నమాట.

ఇంజనీరింగ్ చదువుతూ లెక్క వేయకుండా ఉండలేం కదా. ఐదు ఎక్కుళ్లూ కలిపితే సుమారు 5,000 మీటర్లు. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. ఎంజీహెచ్ ప్రకారం దాదాపు 40 లక్షల జౌళ్లు. మన ఒంటి ఎఫిషియెన్సీ నాలుగో వంతు మించదు కాబట్టి తిండి రూపంలో అతను కాల్చింది కోటి అరవై లక్షల జౌళ్లు, అంటే 3,800 కేలరీల పైమాటే. ఇది కొండ ఎక్కడానికి మాత్రమే. గాలిని తోసుకుంటూ, బురదలో చక్రాలు లాక్కుంటూ పోవడానికైన ఖర్చు వేరు. అనంతగిరి గుట్ట ఒక్కసారి ఎక్కి వచ్చిన రోజు నేను మెస్‌లో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను, అంతకంటే చెప్పను.

ఇంతకీ ఈ మనిషి ఎక్కడివాడు? 1919లో పీడ్‌మాంట్ ప్రాంతంలో కాస్తెల్లానియా అనే కొండపల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. బక్కపలచని పిల్లాడు. బడి ఎగ్గొట్టి సైకిల్ తొక్కేవాడు. పదమూడేళ్లకే చదువు మానేసి నోవి లిగురె ఊళ్లో ఒక మాంసం కొట్లో పనికి కుదిరాడు. ఇంటింటికీ సైకిల్ మీద సరుకు చేరవేయడమే పని. ఓడల్లో పనిచేసే బాబాయి ఒకాయన డబ్బు సాయం చేస్తే మంచి సైకిల్ ఒకటి కొన్నాడు. కానీ నన్ను అడిగితే అతని జీవితాన్ని మార్చింది బ్యాజో కవాన్నా అనే గుడ్డి మాలిష్ మనిషి. చూపు పోయిన ఆ పెద్దాయన కండరాలను వేళ్లతో తడిమి ఎవరిలో ఎంత సత్తువ ఉందో చెప్పగలడని పేరు. ఈ సన్నపాటి కుర్రాడి కాళ్లు తడిమి, వీడిలో సరుకుందని తేల్చిన మొదటివాడు ఆయనే.

1940లో కోప్పిని బార్తలి జట్టులోకి తీసుకున్నారు. గెలవడానికి కాదు, బార్తలికి సాయపడటానికి. బార్తలి అప్పటికే ఇటలీకి హీరో. రేసు మొదట్లోనే బార్తలికి కుక్క అడ్డొచ్చి కింద పడ్డాడు. తర్వాత అబెతోనె కనుమ మీద, వానలో, ఇరవై ఏళ్ల సహాయకుడు అందరినీ దాటేసి వెళ్లిపోయాడు. జూన్ 9న జీరో గెలిచాడు. ఇప్పటికీ ఆ రేసు గెలిచినవాళ్లలో అందరికంటే చిన్నవాడు అతనే. మర్నాడు, అంటే జూన్ 10న, ఇటలీ యుద్ధంలోకి దిగింది.

ఆ యుద్ధం అతని వయసులో ఐదేళ్లు మింగేసింది. మధ్యలో 1942లో మిలాన్ వెలోడ్రోమ్‌లో గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. తర్వాత సైన్యం ట్యునీషియాకు పంపింది, 1943లో బ్రిటిష్‌వాళ్లకు ఖైదీగా దొరికాడు. విడుదలై ఇంటికి వచ్చాక 1946 మిలాన్–సాన్‌రెమో రేసులో 147 కిలోమీటర్లు ముందుండి తొక్కి, 14 నిమిషాల తేడాతో గెలిచాడు.

1949లో జీరోతో పాటు టూర్ ద ఫ్రాన్స్ కూడా గెలిచాడు. ఒకే ఏడాది రెండూ గెలిచిన మొదటి మనిషి. 1952లో మళ్లీ రెండూ. మొత్తం ఐదు జీరోలు, రెండు టూర్లు. ఇటలీ అంతా రెండు ముక్కలైంది. భక్తిపరుడైన బార్తలి ఒక పక్క, లోకం పోకడ తెలిసిన కోప్పి ఇంకో పక్క. 1952 టూర్‌లో కొండ మీద ఇద్దరి మధ్యా ఒక నీళ్ల సీసా చేతులు మారుతున్న ఫొటో ఉంది. ఎవరు ఎవరికి ఇచ్చారన్న దాని మీద ఇటలీవాళ్లు దశాబ్దాల పాటు కొట్లాడుకున్నారు. నాకైతే ఎవరిచ్చినా ఒకటే, దాహం ఇద్దరిదీ.

ఒక మాట దాచి రాయడం బాగుండదు. ఆ రోజుల్లో ఉత్ప్రేరక మాత్రలు వాడటం మామూలు, నిషేధించే నియమమే లేదు. కోప్పి కూడా తాను వాడానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఇప్పటి కొలతతో చూస్తే అది మచ్చే. అయితే బాహాటంగా చెప్పినవాళ్లు అప్పట్లో తక్కువ.

గెలుపుల జాబితా చదివితే కనిపించనిది ఇంకోటి ఉంది. తమ్ముడు సెర్సె కూడా సైకిలిస్టే. అన్నకు నీడలా ఉండేవాడు, నవ్వించేవాడు. 1951 జూన్‌లో తురీన్‌లో ఒక రేసు చివర్లో చక్రం ట్రామ్ పట్టాల్లో ఇరుక్కుని పడ్డాడు. లేచి, రేసు ముగించి, హోటల్‌కు కూడా వెళ్లాడు. ఆ రోజే చనిపోయాడు. కోప్పి ఇక సైకిల్ ముట్టనన్నంత పని చేశాడు. కొన్ని రోజులకే టూర్‌కు వెళ్లాడు, కానీ ఆ మనిషి ఈ మనిషి కాదు.

తర్వాత జులియా ఒక్కీని. ఇద్దరికీ అప్పటికే పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు. ఇటలీలో అప్పుడు వివాహేతర సంబంధం నేరం. పోలీసులు ఇంటికి వచ్చారు, ఆమెను కొన్నాళ్లు జైల్లో పెట్టారు, 1955లో కోర్టు ఇద్దరికీ శిక్ష వేసి అమలు ఆపింది. బిడ్డ తండ్రి పేరుతో నమోదు కావాలని కాన్పుకు అర్జెంటీనా దాకా వెళ్లాల్సొచ్చింది. వదిలేసిన భార్య బాధ ఒక పక్క ఉంది, దాన్ని నేను తేలిక చేయను. కానీ కొండ మీద రోడ్డు పక్కన నిలబడి జేజేలు కొట్టిన దేశమే అతని పడగ్గది తలుపు తట్టడం నాకు మింగుడుపడదు.

1959 డిసెంబర్‌లో ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు, ఇప్పటి బుర్కినా ఫాసోకు, కొందరు సైకిలిస్టులతో కలిసి ఒక పందేనికి, వేటకు వెళ్లాడు. ఫ్రెంచ్ స్నేహితుడు రఫాయెల్ జెమినియాని, అతనూ ఒకే గదిలో పడుకున్నారు. గది నిండా దోమలు. ఇళ్లకు తిరిగి వచ్చాక ఇద్దరికీ జ్వరం. ఫ్రాన్సులో జెమినియాని రక్తం పరీక్షించి మలేరియా అని తేల్చి క్వినైన్ ఇచ్చారు, కోమాలో నుంచి బయటపడ్డాడు. ఆ కబురు ఇటలీకి ఫోన్‌లో చేరవేశారని, అక్కడి డాక్టర్లు తమ నిర్ధారణకే కట్టుబడ్డారని చెబుతారు. 1960 జనవరి 2న తోర్తోనా ఆసుపత్రిలో కోప్పి చనిపోయాడు. నలభై ఏళ్లు.

మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. అప్పటికి 62 ఏళ్లు గడిచిపోయాయి. క్వినైన్ అయితే అంతకంటే ఎంతో పాతది. జెమినియాని 2024 దాకా బతికాడు, 99 ఏళ్లు.

ప్రతి ఏడూ జీరో దారిలో అన్నిటికంటే ఎత్తయిన కనుమను 1965 నుంచి కోప్పి శిఖరం అంటున్నారు. ఇజొవార్ మీద ఆ గోధుమరంగు రాళ్ల మధ్య అతని పేరున ఒక ఫలకం ఉంది. కాస్తెల్లానియా ఊరి పేరు 2019లో కాస్తెల్లానియా కోప్పి అయింది. అక్కడ కొండ మీద అతని సమాధి. పక్కన సెర్సె.