శాంతికాముకుడు సఖరోవ్

ఆయుధాన్ని సృష్టించిన శాస్త్రవేత్తకు దాని వినియోగాన్ని ప్రశ్నించే హక్కు ఉన్నదా? ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా నిలిపిన మహనీయుడు ఆండ్రీ సఖరోవ్. సోవియట్ యూనియన్‌కు హైడ్రోజన్ బాంబును సమకూర్చిన మేధావులలో ఆయన అగ్రగణ్యుడు. ఆ బాంబు వల్ల మానవాళికి కలిగే ముప్పును ఎలుగెత్తి చాటినవాడూ ఆయనే.

సఖరోవ్ 1921 మే 21న మాస్కో నగరంలో జన్మించాడు. తండ్రి దిమిత్రి భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, గ్రంథకర్త. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, 1942లో సఖరోవ్ మాస్కో విశ్వవిద్యాలయ పట్టం పొందాడు. ఓల్గా నదీతీరంలోని ఉల్యానోవ్‌స్క్ ఆయుధ కర్మాగారంలో కొంతకాలం పనిచేసి, 1945లో ప్రసిద్ధ శాస్త్రవేత్త ఇగోర్ టామ్‌కు శిష్యుడయ్యాడు.

ఆ సంవత్సరమే అమెరికా హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు ప్రయోగించింది. నాటి నుండి రెండు అగ్రరాజ్యాల మధ్య ఆయుధపోటీ తీవ్రమైంది. 1948లో సఖరోవ్ హైడ్రోజన్ బాంబు పరిశోధక బృందంలో చేరాడు. ఇరుపక్షాల బలం సమానమైతే యుద్ధం రాదని ఆయన విశ్వాసం. 1950 నుండి సరోవ్ అనే రహస్య నగరంలో అహోరాత్రులు శ్రమించాడు. 1953 ఆగస్టు 12న తొలి ప్రయోగం ఫలించింది. 32 ఏళ్ల ప్రాయంలోనే ఆయనకు సోవియట్ విజ్ఞాన అకాడమీలో పూర్తి సభ్యత్వం లభించింది.

1955 నవంబరులో మరింత శక్తిమంతమైన బాంబును పరీక్షించారు. ఆ విస్ఫోటనానికి ఒక పసిపాప, ఒక సైనికుడు బలియయ్యారు. ఆ రాత్రి జరిగిన విందులో, ఇటువంటి బాంబులు ప్రయోగక్షేత్రాలలోనే తప్ప నగరాలపై ఎన్నడూ పేలరాదని సఖరోవ్ ఆకాంక్షించాడు. అక్కడున్న సేనాధిపతి నెదెలిన్ ఒక మోటు కథ చెప్పి, బాంబును తయారుచేయడం వరకే శాస్త్రవేత్త పని అని ధ్వనింపజేశాడు. ఆ మాట సఖరోవ్ హృదయంలో ములుకులా నాటుకున్నది.

వాతావరణంలో జరిపే అణుపరీక్షల వల్ల భావితరాలకు కలిగే హానిని ఆయన లెక్కగట్టి చూపాడు. 1961లో పరీక్షల పునఃప్రారంభాన్ని వ్యతిరేకించి, దేశాధినేత క్రుశ్చేవ్ ఆగ్రహానికి గురయ్యాడు. ఆయనా పాలుపంచుకొని రూపొందించిన 50 మెగాటన్నుల బాంబు ఆ అక్టోబరులోనే పేలింది. 1963లో భూగర్భంలో తప్ప ఇతరత్రా అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం మాస్కోలో కుదరడం ఆయనకు ఊరట కలిగించింది.

క్షిపణి నిరోధక వ్యవస్థల పోటీ యుద్ధభయాన్ని పెంచుతుందని, దేశాల మధ్య సామరస్యానికి భావస్వేచ్ఛ అవసరమని 1968లో ఒక వ్యాసం రాశాడు. అది విదేశాలలో ప్రచురితం కాగానే రహస్య పరిశోధనల నుండి ఆయనను తొలగించారు. 1973లో ఆయనను ఖండిస్తూ 40 మంది అకాడమీ సభ్యుల లేఖ ప్రావ్దా పత్రికలో వెలువడింది. 1975లో నోబెల్ శాంతి బహుమతి లభించినా, ప్రభుత్వం విదేశ ప్రయాణానికి అనుమతించలేదు. భార్య యెలేనా బోనర్ ఆయన పక్షాన దానిని స్వీకరించింది.

అఫ్గానిస్థాన్‌పై సైనిక చర్యను నిరసించినందుకు 1980 జనవరిలో ప్రభుత్వం ఆయన బిరుదులను రద్దుచేసి, గోర్కీ నగరంలో నిర్బంధించింది. 1986 డిసెంబరులో గోర్బచేవ్ విముక్తి ప్రసాదించాడు. 1989లో ప్రజాప్రతినిధిగా ఎన్నికైన సఖరోవ్, అదే ఏడాది డిసెంబరు 14న కన్నుమూశాడు.

అధికారం, గౌరవం, సుఖజీవనం అన్నీ ఆయనకు అందుబాటులోనే ఉండేవి. మౌనంగా ఉంటే చాలు, అవి దక్కేవి. తన సృష్టికి తానే జవాబుదారీ అని నమ్మినందువల్లనే సఖరోవ్ వాటిని తృణప్రాయంగా వదులుకున్నాడు.