కప్పు గెలిచిన దేశం కెప్టెన్‌ను మరిచింది: జైపాల్ సింగ్ ముండా

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లే దారి మనకు కొత్త కాదు. సంక్రాంతి తర్వాత నరసింహస్వామి పల్లకీ పారువేటకు బయల్దేరి, ఊరూరా తిరుగుతూ జనాన్ని తన పెళ్లికి పిలుస్తుంది. స్వామి పెళ్లాడింది చెంచుల ఆడబిడ్డను. అంటే అహోబిలం దేవుడు చెంచులకు అల్లుడు. అల్లుడికి కొండ మీద గుడి ఉంది. అత్తింటి వాళ్లను మాత్రం అదే నల్లమలలో తమ గూడేనికి, తాము దున్నే చెక్కకు కాగితం చూపించమంటున్నారు.

ఈ అడవి ఎవరిది అన్న ప్రశ్నను రాజ్యాంగ సభ నడిబొడ్డున నిలబెట్టినవాడు ఒక హాకీ ఆటగాడు. ఆయన పేరు జైపాల్ సింగ్ ముండా. ఒలింపిక్స్‌లో మన దేశానికి మొదటి హాకీ బంగారు పతకం వచ్చిన జట్టుకు కెప్టెన్. ధ్యాన్‌చంద్ పేరు మన పిల్లలందరికీ తెలుసు, తెలియాలి కూడా. ఆ జట్టు సారథి ఎవరని అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఎంతమంది?

జైపాల్ 1903 జనవరి 3న రాంచీకి దగ్గర ఖూంటీ ప్రాంతంలోని టకరా గ్రామంలో, ముండా ఆదివాసీ కుటుంబంలో పుట్టారు. బిర్సా ముండా రాంచీ జైలులో చనిపోయి అప్పటికి మూడేళ్లే అయింది. పశువులు కాసిన పిల్లవాడు రాంచీలోని సెయింట్ పాల్స్ మిషనరీ బడిలో చేరాడు. చదువులోనూ ఆటలోనూ అతని చురుకు చూసిన ప్రిన్సిపాల్ తనతో ఇంగ్లండ్ తీసుకెళ్లారు. అక్కడ ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో అర్థశాస్త్రం చదివి, విశ్వవిద్యాలయం హాకీ జట్టులో డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్నారు. ఐసీఎస్‌కూ ఎంపికయ్యారు.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ వచ్చాయి. భారత జట్టుకు కెప్టెన్‌గా పిలుపొచ్చింది. ఐసీఎస్ శిక్షణలో ఉన్న ఆయన సెలవు అడిగితే ఇవ్వలేదు. సెలవు లేకుండానే వెళ్లారు. భారత జట్టు ఐదు మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 26న ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించింది. కానీ ఆ ఫైనల్ నాటికి కెప్టెన్ జట్టులో లేరు. జట్టు యాజమాన్యంతో విభేదాలు వచ్చి ఆయన ముందే పక్కకు తప్పుకున్నారు. సారథ్యం ఎరిక్ పిన్నిగర్ చేతికి వెళ్లింది. తిరిగి వెళ్లాక, శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. జైపాల్ ఐసీఎస్‌నే వదిలేశారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద కొలువో మన తాతలకు తెలుసు. చేతికందిన కలెక్టరు కుర్చీని ఒక ఆదివాసీ కుర్రాడు ఆట కోసం, ఆత్మగౌరవం కోసం కాదనుకున్నాడు.

ఆ తర్వాత పదేళ్లు రకరకాల ఉద్యోగాలు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, రాయపూర్‌లో పాఠాలు చెప్పారు. బికనీర్ సంస్థానంలో పదవి చేశారు. సొంత నేల పిలుపు 1939 జనవరిలో వచ్చింది. రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు. సూటు బూటు వేసుకున్న ఆక్స్‌ఫర్డ్ మనిషిని ఛోటానాగ్‌పూర్ జనం మరంగ్ గోమ్కే, అంటే మహానాయకుడు అని పిలుచుకున్నారు.

1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ప్రసంగం మన పిల్లలు చదవాల్సిన పాఠం. తనను జంగ్లీ అంటారని, ఆ మాటకు తాను సిగ్గుపడనని చెప్పారు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదని, దాన్ని వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని అన్నారు. మద్యనిషేధం చర్చకొచ్చినప్పుడు, బియ్యపు కల్లు ఆదివాసీ పూజలో, పనిలో భాగమని ఎవరూ వినడానికి ఇష్టపడని మాట చెప్పారు. ఆదివాసీ అన్న పేరే రాజ్యాంగంలో ఉండాలని పట్టుబట్టారు. ఆ మాటకు చట్టంలో కచ్చితమైన అర్థం లేదని, పేర్ల పట్టిక ఉన్న షెడ్యూల్డ్ తెగ అన్న మాటే రక్షణ ఇస్తుందని అంబేడ్కర్ వివరించారు. పేరు దగ్గర ఇద్దరూ వేరుపడ్డారు. రిజర్వుడు సీట్లు కావాలన్న చోట ఇద్దరిదీ ఒకటే మాట.

ఆయన్ని దేవుణ్ని చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన పెట్టిన జార్ఖండ్ పార్టీ 1952 ఎన్నికల్లో బీహార్ శాసనసభలో 32 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. నమ్ముకున్న జనం కుంగిపోయారు. ఉద్యమం మొత్తం ఒక్క నాయకుడి మీద నిలబడితే ఏమవుతుందో దళిత బహుజన పార్టీలు ఇక్కడ నేర్చుకోవాలి. 1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. అప్పటికీ పార్లమెంటు సభ్యుడే. ఆయన కోరిన జార్ఖండ్ మరో ముప్పై ఏళ్లకు, 2000 నవంబర్ 15న, బిర్సా పుట్టినరోజున ఏర్పడింది.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఐదో షెడ్యూలు ప్రాంతాలన్నీ పాత శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న జిల్లాల్లోనే ఉన్నాయి. నంద్యాల జిల్లా చెంచు గూడేలు ఆ గీతకు బయట ఉన్నాయి. కృష్ణ దాటి అమ్రాబాద్ వైపు వెళితే అదే నల్లమలలో, అదే చెంచుల ఊళ్లకు షెడ్యూల్డ్ హోదా ఉంది. నది ఇవతల ఉన్నందుకు భూమి చేతులు మారకుండా ఆపే 1/70 చట్టం లేదు, గ్రామసభకు బలమిచ్చే పెసా లేదు. మిగిలింది 2006 అటవీ హక్కుల చట్టం, శ్రీశైలం ఐటీడీఏ. పైన పులుల అభయారణ్యం ఆంక్షలు.

జైపాల్ సింగ్ పేరు మీద రాంచీలో ఒక స్టేడియం ఉంది. నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఆయన పేరు ఎక్కడా కట్టకపోయినా ఫర్వాలేదు. గిరిజన హాస్టల్ పిల్లల చేతికి ఒక హాకీ కర్ర ఇవ్వండి, ఆ కెప్టెన్ కథ చెప్పండి. వాళ్ల తల్లిదండ్రుల చేతికి పట్టా ఇవ్వండి. పారువేట పల్లకీ వచ్చే సంక్రాంతికి మళ్లీ బయల్దేరుతుంది. ఈసారి పెళ్లి పిలుపు అందుకునేటప్పుడు, పెళ్లికూతురి ఇంటివాళ్లకు ఏం దక్కిందని కూడా అడుగుదాం.